కంప్యూటర్ అకస్మాత్తుగా మొరాయిస్తే...

కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా బెంగళూరుకు సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై, మహానగరానికి సుమారు 40 కిలోమీటర్ల ముందు వచ్చే పట్టణం దేవనహళ్ళి. టిప్పు సుల్తాన్ జన్మస్థలంగా, చకోత పండ్లకు పుట్టినిల్లుగా పేరొందిన ఈ ఊరి రూపురేఖలు 2008 మే నెలలో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి మారిపోయాయి. ఇక్కడి నుండి హిందూపురం, చిలమత్తూరు వరకు విస్తరించిన పల్లెలలో తెలుగు, కన్నడ భాషలు రెండూ వినిపిస్తాయి. ఒక రాష్ట్రంలో పొలం, మరొక రాష్ట్రంలో చదువు లేదా ఉద్యోగం ఉన్న కుటుంబాలు కోకొల్లలు. చేతిలో ఇమిడే ఫోన్లు వచ్చినప్పటికీ పాల సంఘాలలో, ఫొటో స్టూడియోలలో, సేవా కేంద్రాలలో, పిల్లలు చదువుకొనే ఇళ్ళలో బల్లమీది కంప్యూటర్‌కు ఇంకా స్థానముంది. ఇంటి లెక్కలు, పెళ్ళి ఫొటోలు, భూమి పత్రాల నకళ్ళు అన్నీ అందులోనే భద్రపరుచుకొనేవారు ఎందరో ఉన్నారు.

అటువంటి కంప్యూటర్ ఒకనాటి ఉదయం మీట నొక్కినా ఉలకదు, పలకదు. ఇంటిల్లిపాదికీ కంగారు పుడుతుంది. ఒకరు పదేపదే మీట నొక్కుతారు, మరొకరు పెట్టెను తట్టి చూస్తారు. చివరకు దానిని బస్సులో వేసుకొని దుకాణానికి చేరుస్తారు. అక్కడ “విండోస్ మళ్ళీ వేస్తే సరిపోతుంది” అనగానే తల ఊపుతారు. యంత్రం బాగుపడి ఇంటికి వస్తుంది కాని, అందులోని ఫొటోలు, లెక్కలు మాత్రం మాయమవుతాయి. చెడిపోయిన భాగం ఖరీదు వెయ్యి రూపాయలే కావచ్చు. కోల్పోయిన సమాచారానికి మాత్రం ఖరీదు కట్టలేము. అందుచేత హార్డ్‌వేర్ చెడినప్పుడు యంత్రాన్ని ఎలా లేపాలన్న ప్రశ్న కంటే, అందులోని సమాచారాన్ని ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్నే ముందు రావాలి.

తిరిగి దొరికేవి, దొరకనివి

మొదట తెలుసుకోవలసినది, కంప్యూటర్‌లోని సమాచారమంతా ఒకే కోవకు చెందినది కాదని. ప్రభుత్వం జారీచేసిన పత్రాలు మన యంత్రంలో పోయినా ప్రభుత్వం వద్ద ఉంటాయి. కర్ణాటక ప్రభుత్వం ‘భూమి’ పథకం ద్వారా సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన దాదాపు 2 కోట్ల భూమి రికార్డులను కంప్యూటర్లలోకి ఎక్కించి, 2002 నాటికి 177 తాలూకా కేంద్రాలలో పహాణీలను ముద్రించి ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆపైన చేతిరాత పహాణీలకు చెల్లుబాటు లేకుండా పోయింది. దేవనహళ్ళి తాలూకా రైతు తన ఇంటి కంప్యూటర్‌లో దాచుకొన్న పహాణీ నకలు పోతే విచారించనవసరం లేదు, మళ్ళీ తీసుకోవచ్చు. సరిహద్దుకు ఈవలి వైపు పొలం ఉన్నవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో ప్రారంభించిన ‘మీభూమి’ ద్వారా అడంగల్, 1-బి లభిస్తాయి. కేంద్ర ప్రభుత్వం అదే ఏడాది జులైలో ప్రారంభించిన ‘డిజీలాకర్’లో ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, అనేక బోర్డుల మార్కుల పత్రాలు దొరుకుతాయి.

తిరిగి దొరకనివి వేరే ఉన్నాయి. దివంగతులైన పెద్దల ఫొటోలు, పాల సంఘం రోజువారీ లెక్కలు, పిల్లల ప్రాజెక్టు పనులు, తాతల నాటి దస్తావేజుల స్కాన్లు, అప్పు-పత్తు వివరాలు ఆ కోవలోకి వస్తాయి. యంత్రం ఆగిన వెంటనే “ఇందులో మరెక్కడా లేనివి ఏమున్నాయి?” అని ఒక కాగితంపై రాసుకోవాలి. ఆ జాబితా ఎంత పెద్దదైతే, యంత్రాన్ని ముట్టుకోవడంలో అంత నిదానం అవసరం.

నీలి తెర కనిపిస్తే...

తెర నీలంగా మారి ఆంగ్లంలో హెచ్చరిక కనిపించగానే హార్డ్‌వేర్ చెడిందని భావించడం పొరపాటు. దీనికి దేవనహళ్ళి విమానాశ్రయమే సాక్ష్యం. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వలన ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఉన్నచోటనే నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆనాడు బెంగళూరు విమానాశ్రయంలో కూడా పలు విమానయాన సంస్థల సేవలకు అంతరాయం కలిగింది. దేశంలోని కొన్ని విమానాశ్రయాలలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. అయితే ఆ యంత్రాలలో ఏ భాగమూ కాలిపోలేదు, డిస్కులలోని సమాచారమూ చెక్కుచెదరలేదు. తప్పుడు ఫైలును తొలగించగానే అవి మామూలుగా పనిచేశాయి.

లోపం యంత్రానిదా, సాఫ్ట్‌వేర్‌దా అని ఇంటి వద్దనే కొంతవరకు గుర్తించవచ్చు. మీట నొక్కగానే కంపెనీ గుర్తు కూడా కనిపించకపోతే లోపం హార్డ్‌వేర్‌లో ఉండే అవకాశమే ఎక్కువ. గుర్తు కనిపించి, విండోస్ మొదలయ్యే దశలో ఆగితే లోపం రెండింటిలో దేనిదైనా కావచ్చు. అప్పుడు ఉచితంగా లభించే లినక్స్‌ను మరొక కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌పై ఎక్కించి, దానితో యంత్రాన్ని నడిపి చూడాలి. దానిని ‘ఇన్‌స్టాల్’ చేయకుండా, ‘ట్రై’ అనే పద్ధతిలోనే నడపాలి. యంత్రం చక్కగా నడిచిందంటే మదర్‌బోర్డు, ర్యామ్, విద్యుత్ సరఫరా బాగున్నట్టే. లోపం విండోస్‌లోనో, డిస్కులోనో ఉన్నట్టు. డిస్కు నుండి అనుమానాస్పదమైన శబ్దాలేవీ లేకపోతే అక్కడి నుండే ముఖ్యమైన ఫైళ్ళను మరొక పెన్‌డ్రైవ్‌కు నకలు చేసుకోవచ్చు.

ముందుగా పాటించవలసిన జాగ్రత్తలు

కాలిన వాసన, పొగ, నిప్పురవ్వ వీటిలో ఏది కనిపించినా కంప్యూటర్‌ను ముట్టుకోకుండా గోడ స్విచ్చును, అవసరమైతే మెయిన్‌ను ఆపివేయాలి. అటువంటివేమీ లేకపోతే పైపై పరీక్షలతో ప్రారంభించాలి. అదే ప్లగ్గులో ఒక టేబుల్ ల్యాంపు పెట్టి కరెంటు వస్తున్నదో లేదో చూడాలి. యూపీఎస్‌ను తప్పించి కంప్యూటర్‌ను నేరుగా గోడ ప్లగ్గుకు కలిపి చూడాలి. యూపీఎస్‌లోని బ్యాటరీ సాధారణంగా రెండు మూడేళ్ళలో బలహీనపడుతుంది కనుక, కంప్యూటర్ చచ్చిందనుకొన్న సందర్భాలలో అసలు చచ్చినది యూపీఎస్ బ్యాటరీయే కావచ్చు. పెట్టె వెనుకనున్న చిన్న స్విచ్చు, మానిటర్ తీగ బిగుతుగా ఉన్నాయో లేదో గమనించాలి.

పెట్టె మూత తీయవలసివస్తే ప్లగ్గు పూర్తిగా పీకివేయాలి. ఆపైన పవర్ మీటను పది సెకన్లు నొక్కి ఉంచితే లోపల నిలిచిన కరెంటు చాలావరకు ఖాళీ అవుతుంది. పొడి గాలిలో మన ఒంటిపై చేరే స్థిర విద్యుత్తు చిప్‌లను పాడుచేయగలదు. అందువలన లోపలి భాగాలను తాకేముందు పెట్టె ఇనుప చట్రాన్ని ఒకసారి చేతితో తాకాలి. విద్యుత్తును అందించే ఎస్‌ఎంపీఎస్ అనే ఇనుప డబ్బాను మాత్రం ఇంటివద్ద ఎవరూ విప్పరాదు. మన ఇళ్ళకు వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటు దానిలో సుమారు 325 వోల్టుల డీసీగా మారి కెపాసిటర్లలో నిలుస్తుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా అది కొంతసేపు ప్రాణాపాయం కలిగించగలదు.

లక్షణాన్ని బట్టి లోపం

వైద్యుడు నాడి చూసినట్టే కంప్యూటర్ లక్షణాలను బట్టి లోపాన్ని ఊహించవచ్చు.

దీపం వెలగదు, ఫ్యాను తిరగదు: కరెంటు సక్రమంగా ఉన్నా ఇలా జరిగితే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించాలి. ఇది 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి వివిధ భాగాలకు పంచుతుంది. పాత ఎస్‌ఎంపీఎస్‌ల వెనుక 115, 230 అని రాసిన ఎర్ర మీట ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు అది పొరపాటున 115 వైపు జరిగితే, కరెంటు ఇవ్వగానే కాలిపోతుంది. చీమలు, బల్లులు చొరబడి షార్ట్ కావడం కూడా పల్లెలలో అరుదు కాదు.

ఫ్యాను తిరుగుతుంది, తెర నల్లగా ఉంటుంది: చాలాసార్లు కారణం ర్యామ్. తేమకు, దుమ్ముకు దాని అంచులోని లోహపు పూతపై మకిలి చేరి సంబంధం తెగుతుంది. ర్యామ్‌ను జాగ్రత్తగా తీసి, పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో ఆ అంచును తేలికగా తుడిచి, మళ్ళీ గట్టిగా అమర్చాలి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటిగా పెట్టి పరీక్షించాలి. ఖర్చు లేకుండా తీరిపోయే లోపం ఇది.

కొద్దిసేపు నడిచి దానంతట అదే ఆగిపోతుంది: ప్రాసెసర్ మితిమీరి వేడెక్కుతున్నదన్నమాట. కంకర క్వారీల దుమ్ము, మట్టి దారుల ధూళి ఫ్యాను రెక్కలకు పట్టి గాలిని అడ్డుకొంటాయి. ఆరుబయట, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకొని బ్లోయర్‌తో శుభ్రం చేయాలి. అయినా అదే పరిస్థితి ఉంటే మదర్‌బోర్డుపై నిలువుగా నిలిచిన చిన్న డబ్బీల వంటి కెపాసిటర్లను పరిశీలించాలి. వాటి తలలు ఉబ్బినా, జిగట ద్రవం కారినా అవి చెడినట్టే. 2000 దశకం తొలి సంవత్సరాలలో తయారైన మదర్‌బోర్డులలో ఈ రోగం ప్రపంచవ్యాప్తంగా ప్రబలింది. కొన్ని తయారీదారుల కెపాసిటర్లలోని ద్రవం నాసిరకమైనది కావడమే అందుకు కారణం. డెల్ సంస్థ ఈ లోపమున్న కంప్యూటర్ల నిమిత్తం 2005లో సుమారు 30 కోట్ల డాలర్ల భారాన్ని తన లెక్కల్లో చూపింది. ఇటువంటి కెపాసిటర్లను తెలిసిన మెకానిక్ తక్కువ ఖర్చుతో మార్చగలడు. బోర్డంతా మార్చనవసరం లేదు.

తేదీ పాత సంవత్సరానికి మారిపోతుంది: మదర్‌బోర్డుపై గుండ్రని బిళ్ళ వంటి 3 వోల్టుల బ్యాటరీ అయిపోయింది. దాని పేరు సీఆర్ 2032; ధర స్వల్పం. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకుల, ప్రభుత్వాల వెబ్‌సైట్లు ‘భద్రత లేదు’ అంటూ తెరుచుకోవు. ఇంటర్నెట్ చెడిందని తికమకపడేముందు గడియారాన్ని చూడడం మంచిది.

హార్డ్ డిస్కు విషయంలో తొందర తగదు

‘టిక్, టిక్’ మనే శబ్దం, ఫైళ్ళు తెరుచుకోవడానికి నిమిషాలు పట్టడం, ‘బూట్ డివైస్ లేదు’ అనే సందేశం ఇవన్నీ హార్డ్ డిస్కు అవసానదశకు సంకేతాలు. డిస్కులోని పళ్ళేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటాయి. వాటిని చదివే ముల్లు, వెంట్రుక మందంలో వేల వంతు ఎత్తున, పళ్ళేన్ని తాకకుండా గాలిలో తేలుతూ ఉంటుంది. ఆ ముల్లు దెబ్బతిని పళ్ళేన్ని గీరడం మొదలుపెడితే, కంప్యూటర్ నడిచిన ప్రతి నిమిషమూ సమాచారాన్ని చెరిపివేస్తున్నట్టే.

కనుక శబ్దం వినిపించిన వెంటనే యంత్రాన్ని ఆపివేయాలి. విండోస్ మళ్ళీ వేయడం, ఫార్మాట్ చేయడం, డిస్కు మరమ్మతు ప్రోగ్రాములు నడపడం పనికిరావు. అవి డిస్కుపై కొత్తగా రాస్తాయి గనుక ఉన్నది కూడా పోతుంది. డిస్కును ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందనే మాట నమ్మదగినది కాదు. లోపల చేరే తేమ మిగిలినదానిని కూడా నాశనం చేస్తుంది. మరొక డిస్కు నుండి సర్క్యూట్ బోర్డు తీసి బిగించడం కూడా నేటి డిస్కులలో సాధారణంగా ఫలించదు. ప్రతి డిస్కుకు ప్రత్యేకమైన కొలతలు దాని బోర్డు మీది చిప్‌లోనే ఉండడం ఇందుకు కారణం.

డిస్కులో శబ్దమేమీ లేక, చెడినది ఎస్‌ఎంపీఎస్ లేదా మదర్‌బోర్డు మాత్రమే అయితే భయపడనవసరం లేదు. డిస్కును విప్పి, యూఎస్‌బీ కేసులో అమర్చి, మరొక కంప్యూటర్‌కు కలిపితే ఫైళ్ళన్నీ ఎప్పటిలా కనిపించవచ్చు. అప్పుడు ముందుగా రాసుకొన్న జాబితా ప్రకారం అత్యంత విలువైనవాటిని మొదట నకలు తీయాలి. ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకోవాలి. ఇటీవలి విండోస్ యంత్రాలలో కొన్నింటిలో ‘బిట్‌లాకర్’ అనే తాళం ఉంటుంది. డిస్కును వేరే యంత్రానికి తగిలించగానే అది 48 అంకెల సంకేతాన్ని అడుగుతుంది. యంత్రం బాగున్న రోజులలోనే ఆ అంకెలను కాగితంపై రాసి బీరువాలో దాచుకోవాలి.

కరెంటు కష్టాలు

పల్లెలలో కంప్యూటర్లకు ప్రధాన శత్రువు విద్యుత్ హెచ్చుతగ్గులే. సాగునీటి మోటార్లు ఒక్కసారిగా నడిచినప్పుడు వోల్టేజి పడిపోతుంది, ఆగినప్పుడు ఎగబాకుతుంది. ఇందుకు యూపీఎస్ కొంత రక్షణ. పిడుగుకు మాత్రం యూపీఎస్ కూడా అడ్డుకట్ట కాదు. ఏప్రిల్, మే నెలలలో రాయలసీమ, దక్షిణ కర్ణాటకలలో ఉరుములతో కూడిన వానలు సాధారణం. ఉరుము వినిపించకముందే, మబ్బు కమ్మగానే కరెంటు ప్లగ్గుతోపాటు ఇంటర్నెట్ తీగను కూడా పీకివేయాలి. చాలామంది మొదటిది తీసి రెండవది మరచిపోతారు.

పెట్టెను తాకినప్పుడు చేతికి ‘జుమ్’మనిపిస్తే ఎర్తింగ్ లేనట్టు. ఎస్‌ఎంపీఎస్‌లోని వడపోత భాగం కొద్దిపాటి కరెంటును ఎర్త్ తీగలోకి పంపుతుంది. ఎర్త్ లేకపోతే పెట్టె ఇనుముపై దాదాపు 115 వోల్టులు నిలుస్తాయి. ఆ కరెంటు బలం అతి స్వల్పమైనప్పటికీ, లోపల మరేదైనా లోపం తోడైతే మనిషికే ప్రమాదం. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్నును విరిచి వాడడం వంటి పనులు మానుకొని, ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్ వేయించుకోవాలి.

దుకాణానికి వెళ్ళేముందు

ఈ ప్రాంతం వారికి విడిభాగాలంటే గుర్తుకు వచ్చేది బెంగళూరులోని ఎస్పీ రోడ్డు. అక్కడ దొరకని భాగమంటూ ఉండదని పేరు. పెద్ద బజారు కావడంతో కొనుగోలుదారు కూడా అప్రమత్తంగా ఉండాలి. యంత్రాన్ని అప్పగించేముందు డిస్కు, ర్యామ్‌ల మీది సీరియల్ నంబర్లను ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. వీలైతే డిస్కును ఇంటివద్దే ఉంచుకొని మిగిలిన పెట్టెను మాత్రమే ఇవ్వాలి. డిస్కు ఇవ్వక తప్పకపోతే ‘మమ్మల్ని అడగకుండా ఫార్మాట్ చేయరాదు’ అని రసీదుపై రాయించుకోవాలి. మార్చిన పాత భాగాన్ని తిరిగి అడిగి తీసుకోవాలి. వారంటీలో కొత్త డిస్కు ఇస్తారు గాని పాత డిస్కులోని సమాచారాన్ని ఇవ్వరన్నది మరువరాదు.

బిల్లు లేకుండా కొనడం ఎన్నడూ మంచిది కాదు. బెంగళూరులో కొన్న వస్తువుపై ఫిర్యాదుకు బెంగళూరుకే తిరగాలన్న భయం సరిహద్దు కుటుంబాలలో ఉంది. 2020 జులై నుండి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఆ ఇబ్బందిని తొలగించింది. కొన్న ఊరు ఏదైనా, కొనుగోలుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.

యంత్రం మరీ పాతదైతే మదర్‌బోర్డుపై పెద్ద మొత్తం వెచ్చించేముందు ఆలోచించాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11ను చాలా పాత యంత్రాలు అందుకోలేవు. అటువంటి యంత్రాన్ని లినక్స్‌తో నడుపుకోవచ్చు, లేదా కొత్తది కొనవచ్చు. పనికిరాని భాగాలను చెత్తలో వేయరాదు, కాల్చరాదు. వాటిలో సీసం వంటి విషలోహాలుంటాయి. బెంగళూరు గ్రామీణ జిల్లాలోని డాబస్‌పేటలో ‘ఇ-పరిసర’ అనే సంస్థ 2005లోనే ఇ-వ్యర్థాల శుద్ధిని చేపట్టింది. పాత డిస్కును ఇచ్చివేసేముందు అందులోని బ్యాంకు వివరాలు పరుల పాలు కాకుండా పూర్తిగా చెరిపివేయడం అవసరం.

ముందుచూపే మందు

విత్తనాలను ఒకే గాదెలో పోయని రైతుకు ఈ సూత్రాన్ని విడమరచి చెప్పనవసరం లేదు. ముఖ్యమైన ప్రతి ఫైలుకు మూడు ప్రతులుండాలి. అవి రెండు వేర్వేరు రకాల సాధనాలపై ఉండాలి. వాటిలో ఒకటి ఇంటి వెలుపల ఉండాలి. కంప్యూటర్‌లో ఒకటి, విడిగా కొన్న డిస్కులో మరొకటి, ఇంటర్నెట్ ఖాతాలోనో, పొరుగూరి అక్కాబావల ఇంట ఉంచిన డిస్కులోనో మూడవది ఉంటే చాలు. విడి డిస్కును నకలు తీసేటప్పుడు మాత్రమే కంప్యూటర్‌కు తగిలించి, పని ముగియగానే తీసివేయాలి. ఎల్లవేళలా తగిలించి ఉంచితే పిడుగు పడిన నాడు రెండూ కలిసే కాలిపోతాయి.

నెలకొకసారి, పాల డబ్బులు చేతికందిన రోజో, కరెంటు బిల్లు కట్టిన రోజో గుర్తుపెట్టుకొని నకలు తీసే అలవాటు చేసుకోవాలి. తీసిన నకలు తెరుచుకొంటున్నదో లేదో ఒకటి రెండు ఫైళ్ళు తెరచి చూడాలి. ఈ పనికి అరగంట చాలు. కంప్యూటర్ ఏనాటికైనా చెడకమానదు. ఆనాడు ఇంట్లో వెతకవలసినది డిస్కులోని ఫొటోలను కాక, కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు కావలసిన డబ్బును మాత్రమే అయితే ఆ కుటుంబం నష్టపోనట్టే.